నిద్రకు సాక్షి మణికట్టు కాదు



గత ధనుర్మాసంలో ప్రతిదినం తెల్లవారుజామున తిరుప్పావై సేవకు వచ్చే ఒక యువభక్తుడు నడుమ నాలుగు దినాలు రాలేదు. కారణమడిగితే చేతి గడియారం చూపి, "స్వామీ, నిద్ర స్కోరు 58. గాఢనిద్ర చాలలేదంటోంది" అన్నాడు. "నీకెలా ఉంది నాయనా?" అన్నాను. కొంత ఆలోచించి, "లేచినప్పుడు బాగానే ఉంది స్వామీ. ఇది చూశాకే నీరసం వచ్చింది" అన్నాడు.

ఆ సమాధానమే ఈ వ్యాసానికి హేతువు. స్వానుభవాన్ని త్రోసిపుచ్చి యంత్రవాక్యాన్ని ఆప్తవాక్యంగా స్వీకరించే ఈ మోహాన్ని ఖండించక తప్పదు.

గడియారం నిద్రను చూడదు. దానిలోని ఒక సాధనం చేతి చలనాన్ని గుర్తిస్తుంది. మరొకటి చర్మంపై పచ్చని కాంతిని ప్రసరింపజేసి, తిరిగివచ్చే కాంతిలోని హెచ్చుతగ్గులనుబట్టి నాడిని లెక్కిస్తుంది. "చేయి కదలడం లేదు, నాడి మందగించింది, కనుక ఇతడు నిద్రితుడు" అని నిర్ణయిస్తుంది. ఇది ప్రత్యక్షం కాదు, అనుమానం. పొగను చూసి నిప్పును ఊహించడం వంటిదే. కాని పొగకు నిప్పుతో ఉన్న వ్యాప్తి నిశ్చలతకు నిద్రతో లేదు. శయ్యపై కదలక మానసజపం చేసే సాధకుడూ నిశ్చలుడే, కునుకు రాక పైకప్పు చూస్తూ పడుకున్న రోగీ నిశ్చలుడే. వీరిద్దరినీ ఆ యంత్రం నిద్రితుల పద్దులో వ్రాయగలదు. తర్కశాస్త్రం దీనిని సవ్యభిచారమనే హేత్వాభాసంగా పరిగణిస్తుంది.

నిద్రాదశలను వైద్యులు నిర్ణయించే పద్ధతి వేరు. పాలీసోమ్నోగ్రఫీ అనే పరీక్షలో మెదడు తరంగాలను, నేత్రచలనాన్ని, కండరాల బిగువును రాత్రంతా నమోదు చేస్తారు. గడియారం మెదడును తాకనైనా తాకదు. నిద్ర స్కోరును గూర్చిన ఈ వ్యాకులతకు అమెరికా పరిశోధకులు 2017లోనే ఆర్థోసోమ్నియా అని నామకరణం చేశారు. ప్రయోగశాల పరీక్షలో గాఢనిద్ర కనబడినా, దానిని కాదని చేతి యంత్రాన్నే నమ్మిన రోగిని గూర్చి వారు వ్రాశారు.

ఇక స్వపక్షంలోని దోషం. "గడియారం చూపే డీప్ స్లీపే మాండూక్యం చెప్పిన సుషుప్తి, బ్రాహ్మీముహూర్త మహిమకు నోబెల్ బహుమతే సాక్ష్యం" అని కొందరు ఉపన్యాసకులు సభలలో చప్పట్లు కొట్టించుకుంటున్నారు. ఇది శాస్త్రసేవ కాదు, శాస్త్రాపచారం. 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి ఆ బహుమతి లభించింది పండ్ల ఈగలలో దినచర్యను నడిపే అంతర్గత గడియారపు యంత్రాంగాన్ని వెల్లడించినందుకు. ఒక జన్యువు పుట్టించే ప్రోటీన్ రాత్రి పేరుకొని పగలు క్షీణిస్తుందని వారు తెలిపారు. అది మహత్తర పరిశోధన. కాని సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగిసే బ్రాహ్మీముహూర్తాన్ని వారు పరీక్షించలేదు. శ్రుతికి స్వీడన్ ముద్ర ఎందుకు? ఆ ముద్రతోనే శ్రుతి నిలిచేదైతే, రేపు మరొక పరిశోధన దానిని త్రోసిపుచ్చితే ఏమి చేస్తారు?

మాండూక్యం నిద్రాదశల పట్టిక కాదు. అది పన్నెండు మంత్రాల ఆత్మవిచారం. మేల్కొన్నవాడు "సుఖంగా నిద్రించాను, ఏమీ తెలియలేదు" అంటాడు. ఏమీ తెలియని ఆ స్థితిని ఎరిగినవాడెవడు? అనుభవం లేనిదే స్మరణ కలుగదు కదా! ఆ ప్రశ్న సాధకుణ్ణి సాక్షి వద్దకు చేరుస్తుంది. మెదడు తరంగాలను కొలిచినా, నాడిని కొలిచినా, కొలవబడేది దృశ్యమే. ద్రష్టకు స్కోరు లేదు.

అయితే గడియారం వ్యర్థమా? కాదు. ఎప్పుడు పడుకున్నాము, ఎప్పుడు లేచాము, వారాల తరబడి ఆ వేళలు ఎలా మారుతున్నాయి అన్నది అది చక్కగానే చూపగలదు. అర్ధరాత్రి దాటేదాకా ఫోను చూచి, తెల్లవారి "ఏకాగ్రత లేదు స్వామీ" అనేవారికి ఆ లెక్క అవసరమే. మా అర్చకులకూ అవసరమే. రాత్రి ఏకాంతసేవ ముగించి పదకొండుకు పడుకొని, సుప్రభాతానికి మూడింటికి లేచి, దానిని తపస్సని నేనే చాలాకాలం గర్వించాను. మంత్రమధ్యంలో కునికిన దినాలున్నాయి. అతినిద్రకే కాక అతిజాగరణకూ యోగం లేదని గీత ఆరవ అధ్యాయం చెబుతుండగా, ఆ గర్వానికి ప్రమాణమేది? ఇప్పుడు మధ్యాహ్నం కొంత విశ్రమిస్తున్నాను. గురకలో ఊపిరి ఆగుతున్నదని ఇంటివారు చెప్పినా, పగలు ఆపుకోలేని మత్తు వచ్చినా వైద్యుని ఆశ్రయించండి. అక్కడ గడియారమూ చాలదు, అర్చకుడూ చాలడు.

ఆ యువకునికి ఒకటే చెప్పాను. లేవగానే గడియారం చూడకు. ముందు కన్నులు మూసి, ఎలా నిద్రించావో నిన్ను నీవే అడుగు. భగవన్నామం స్మరించు. ఆ తరువాత చూడాలనిపిస్తే చూడు.

మరునాడు సేవకు వచ్చాడు. గడియారం చేతికే ఉంది. ఉండనివ్వండి, సేవకునిగా ఉన్నంతవరకు దానితో మనకు వైరం లేదు.

స్వస్తి.