మధ్యాహ్నం మందు ఎవరు పట్టాలి?

ఖమ్మం జిల్లా పెనుబల్లి మండలంలో మిరపకాయ ఏరే రోజులు వచ్చాయంటే ఊళ్లు పొద్దున్నే సగం ఖాళీ అవుతాయి. కూలీల ఆటోలు, ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి చేల వైపు బయల్దేరతాయి. చంటిపిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉండిపోతారు, మూడేళ్లు నిండినవాళ్లు అంగన్‌వాడీకి చేరతారు. పిల్లలన్నాక ఎవరికో ఒకరికి ఏదో ఒక నలత ఉండనే ఉంటుంది. రాత్రి ఒళ్లు కాలిన పిల్లకి తెల్లారి కాస్త నెమ్మదిస్తే చాలు, కూలి పోగొట్టుకోలేని తల్లి పిల్లతోపాటు ఒక సీసాను కూడా ఆయా చేతిలో పెడుతుంది. ‘‘అన్నం తిన్నాక ఒక మూత పట్టక్కా’’ అంటుంది. ఆ మూత సీసాకు బిగించే మూతా, దానిమీద బోర్లించి వచ్చే కొలత కప్పా అని అడిగేలోపు ఆటో కదిలిపోతుంది.

ఈ ‘ఒక మూత’ను తేలిగ్గా తీసుకోడానికి లేదు. పారాసిటమాల్ సిరప్పునే చూడండి. అయిదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉండే సీసా దొరుకుతుంది, 250 ఉండేదీ దొరుకుతుంది. పసిపిల్లల కోసం చేసే చుక్కల మందులోనైతే ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. పిల్లల డాక్టర్లు సాధారణంగా కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన రాస్తారు. పది కిలోల పిల్లకి 150 కావాలి. అంటే మొదటి సీసాలోంచి ఆరు మిల్లీలీటర్లు, రెండోదాంట్లోంచి మూడు, చుక్కల మందైతే ఒకటిన్నర. ఆ చుక్కల మందునే అయిదు మిల్లీలీటర్ల కొలతతో పట్టేస్తే పిల్ల కడుపులోకి మూడింతలకు పైనే పోతుంది. సీసా మీద రాత అంతా ఇంగ్లిషు, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. తల్లి మాట్లాడేది తెలుగు కావచ్చు, లంబాడీ కావచ్చు, కోయ కావచ్చు.

విచిత్రమేమిటంటే మందు పట్టడం అంగన్‌వాడీకి కొత్త పనేమీ కాదు. ప్రభుత్వం పంపే మందులకు అక్కడ పద్ధతి ఉంది, ఆ పద్ధతి బాగానే ఉంది. 2015లో మొదలైన నులిపురుగుల నివారణ దినం ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలోను ఆగస్టులోను వస్తుంది. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు ఆల్బెండజోల్ సగం మాత్ర, ఆపైన 400 మిల్లీగ్రాముల పూర్తి మాత్ర. చిన్నవాళ్లకు నలిపి నీళ్లలో కలిపి పట్టాలి. ఆ రోజు ఒంట్లో బాగోలేని పిల్లకు వేయకూడదు. ఇంటికి ఇచ్చి పంపకూడదు, టీచరు కళ్లముందే మింగాలి. 2018లో వచ్చిన అనీమియా ముక్త్ భారత్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్పు, మోతాదు ఒక మిల్లీలీటరు. అంతే కొలిచి వదిలే ఏర్పాటు సీసాకే ఉంటుంది. విటమిన్ ఎ ద్రావణం తొమ్మిదో నెలలో ఒక మిల్లీలీటరు, తర్వాత ఆరునెలలకోసారి రెండు మిల్లీలీటర్లు, అయిదేళ్లు నిండేసరికి తొమ్మిది డోసులు. దానికి గీత ఉన్న ప్రత్యేకమైన చెంచా.

చెంచాకు ఇంత పట్టింపు ఎందుకనే వాళ్లు అస్సాంలో 2001 నవంబరులో జరిగింది తెలుసుకోవాలి. విటమిన్ ఎ కార్యక్రమంలో అలవాటైన రెండు మిల్లీలీటర్ల చెంచాకు బదులు అయిదు మిల్లీలీటర్ల కప్పులు పంపారు. పెద్ద సంఖ్యలో పిల్లలు వాంతులతో ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. ఆ చావులకు విటమినే కారణమా కాదా అని తర్వాత పెద్ద వాదమే నడిచింది. కప్పు మార్చడం పొరపాటన్న దాంట్లో మాత్రం వాదానికి చోటు లేదు.

ఇంత పకడ్బందీ పద్ధతి పిల్లవాడి సొంత మందు దగ్గరికి వచ్చేసరికి మాయమైపోతుంది. ప్రభుత్వ మందుకు తేదీ ఉంది, మోతాదు ఉంది, రిజిస్టరు ఉంది. తల్లి ఇచ్చిన సీసాకు నోటి మాట ఒక్కటే ఉంది. మెత్తని మనసున్న టీచరు జాలిపడి మందు పడుతుంది. భయస్తురాలైన టీచరు ‘మాకెందుకమ్మా, ఇంట్లో ఉంచుకో’ అని సీసానూ పిల్లనూ కలిపి తిప్పి పంపుతుంది. మొదటి ఆమెకు కాలం కలిసి రాకపోతే ఊరంతా మీద పడుతుంది. రెండో ఆమె వల్ల ఒక కుటుంబానికి ఆ రోజు కూలి పోతుంది, లేదా పిల్ల ఇంట్లో ఆరేళ్ల అక్క కాపలాలో ఉండిపోతుంది. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. ఏం చేయాలో ఎవరూ రాసి ఇవ్వలేదు మరి.

తిరకాసు ఇంకోటి ఉంది. అందరికీ మేలు చేసే మందు ఒక్క పిల్లకి కీడు చేయవచ్చు. తలసేమియా మేజర్ ఉండి తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల ఒంట్లో ఇనుము అప్పటికే పేరుకుపోయి ఉంటుంది. వాళ్లకు ఐరన్ సిరప్పు పట్టకూడదని అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. రక్తం కోసం ఖమ్మం ఆస్పత్రికి తిరిగే పిల్ల ఒకవేళ పెనుబల్లి మండలంలోని ఏదో అంగన్‌వాడీలో ఉందనుకోండి. ఆ సంగతి తల్లికి తెలుసు, ఆస్పత్రి కాగితాల్లో ఉంది. సిరప్పు పట్టే చేతికి తెలియాలి కదా! పాలిపోయి కనిపించే పిల్లకే ముందు పట్టాలని ఏ టీచరుకైనా అనిపిస్తుంది. అక్కడే ఉంది ప్రమాదం.

భద్రాచలం వైపు కోయ గూడేల్లో సికిల్ సెల్ సంగతీ ఇలాంటిదే. 2023 జులై 1న దేశవ్యాప్త సికిల్ సెల్ మిషన్ మొదలైంది, నలభై ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. పరీక్షలో తేలిన పిల్లకు ఆస్పత్రి హైడ్రాక్సీయూరియా రాయవచ్చు, ఫోలిక్ యాసిడ్ రాయవచ్చు. అవి ఇంట్లో వేసుకునేవే, సరే. కానీ రోజంతా ఆ పిల్ల గడిపేది కేంద్రంలో. గంటగంటకూ నీళ్లు తాగించాలి. ఎండలో ఆడనివ్వకూడదు, చలిలో తడవనివ్వకూడదు. చేతులూ పాదాలూ వాచి ఏడిస్తే ‘దెబ్బ తగిలి ఉంటుంది’ అని సరిపెట్టకూడదు. జ్వరం వస్తే అందరి పిల్లల్లాగా సాయంత్రం దాకా చూద్దామంటే కుదరదు, వెంటనే ఆస్పత్రికి పంపాలి. ఇందులో మందు ఒక్కటీ లేదు, అన్నీ చూసుకునే తీరుకు సంబంధించినవే. ఆయాకు అయిదు నిమిషాలు చెబితే అర్థమయ్యేవే.

దగ్గు మందుల ముచ్చట కూడా చెప్పుకోవాలి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్రిఫ్ అనే సిరప్పు తాగిన పిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. తమిళనాడులో తయారైన ఆ మందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం తేలింది. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా జనాన్ని హెచ్చరించింది. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్ల లోపు వారికి సాధారణంగా అవసరం లేదని చెప్పింది. అంగన్‌వాడీకి వచ్చే పిల్లల్లో చాలామంది ఆ వయసువాళ్లే. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. ఇంట్లో పెద్దవాళ్లు వాడి మిగిల్చిన మాత్రను విరిచి ‘జ్వరం మాత్ర’ అని ఇస్తే అందులో ఏముందో ఆయా కనిపెట్టగలదా? కాబట్టి మొదటి నియమం కటువుగానే ఉండాలి. డాక్టరు చీటీ లేని సీసా కేంద్రం గడప దాటకూడదు. తల్లి నొచ్చుకున్నా సరే.

రెండో మాట టీచర్లతో కాదు, డాక్టర్లతో. పెనుబల్లి ప్రభుత్వ ఆస్పత్రిలోనో, సత్తుపల్లి క్లినిక్కులోనో చీటీ రాసేటప్పుడు ‘పిల్ల పగలు ఎక్కడ ఉంటుంది?’ అని ఒక్క ప్రశ్న వేస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. రోజుకు మూడు పూటలని అలవాటుగా రాసే మందుల్లో చాలావాటికి రెండు పూటల దారి ఉంది. పిల్లల న్యుమోనియాకు అమాక్సిసిలిన్‌ను రోజుకు రెండుసార్లు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పి ఏళ్లయింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అంటే మందు తల్లి చేతిలోనే ఉంటుంది. పైగా పొడి మందులో నీళ్లు కలిపాక చల్లని చోట ఉంచాలి, సాధారణంగా వారంలో వాడేయాలి. ఏప్రిల్ ఎండకు రేకుల కప్పు కింద కిటికీలో పెట్టిన సీసా ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పిల్లల సంరక్షణ కేంద్రంలో మందుల గొడవ తగ్గాలంటే ముందు మధ్యాహ్నం డోసే తగ్గాలి. ఈ కిటుకుకు పైసా ఖర్చు లేదు, బహుశా అందుకే ఎవరి దృష్టికీ రాదు.

అయినా తప్పని మందులు కొన్ని ఉంటాయి. ఉబ్బసం ఉన్న పిల్ల డొక్కలు ఎగరేస్తుంటే సాయంత్రం దాకా ఆగలేం. ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ గొట్టం కేంద్రంలోనే ఉండాలి. ‘పంపు అలవాటైపోతుంది’ అని ఇంట్లో దాచిపెట్టే భయం పోవాలి. ఇన్సులిన్ అవసరమైన పిల్లకు ఆ మందును భద్రపరచడానికి ఫ్రిజ్ లేకపోతే తడి మట్టికుండ పనికొస్తుంది, చాలా దేశాల్లో వాడుతున్నదే. ఫిట్స్ సంగతి మరీ ముఖ్యం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి ఎప్పుడో ఒకప్పుడు జ్వరంతో ఫిట్స్ వస్తాయి. వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం ఇప్పటికీ చూస్తున్నాం. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. కనకగిరి గుట్టల అంచు ఊళ్లలోనైతే ఆ అయిదు నిమిషాలు కూడా ఆగకుండా ముందే చేయడం మంచిది, అంబులెన్సు రావడానికి పట్టే సమయం కూడా లెక్కే కదా.

మందు వేయడమే కాదు, పెట్టకూడనిది పెట్టకపోవడమూ ఇందులో భాగమే. తెలంగాణ అంగన్‌వాడీల్లో గుడ్డు ఉంది. చిన్నపిల్లలకు ఇంటికిచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉన్నాయి. నూటికి తొంభై తొమ్మిది మందికి బలమే. గుడ్డు పడని ఒక్క పిల్లకి దద్దుర్లు లేచి పెదాలు వాచవచ్చు. 2017లో న్యూయార్కులోని హార్లెమ్‌లో పాల పదార్థాలు పడని మూడేళ్ల పిల్లవాడికి డేకేర్‌లో చీజ్ శాండ్‌విచ్ పెట్టారు. పడదన్న సంగతి ఆ డేకేర్‌కు ముందే తెలుసు. బాబు దక్కలేదు. 2019లో ఆ బాబు పేరు మీద ఎలైజా చట్టం వచ్చింది. కాగితం బీరువాలో ఉండి, వడ్డించే మనిషికి తెలియకపోతే ఎంత పనికొస్తుందో ఆ ఉదంతం చూస్తే తెలుస్తుంది. మన కేంద్రాల్లో వడ్డించేది ఆయా, శిక్షణలకు వెళ్లేది టీచరు.

ఇంగ్లండులో చిన్నపిల్లల కేంద్రాలకు దీనిపై కచ్చితమైన నిబంధనలు ఉన్నాయి. ఏ మందుకు ఆ మందుకు తల్లిదండ్రులు రాసి ఇచ్చిన అనుమతి ఉండాలి. పట్టిన ప్రతిసారీ రాసిపెట్టాలి, ఆ రోజే ఇంటివాళ్లకు చెప్పాలి. మెలకువ అవసరమైన మందైతే సిబ్బందికి ముందు శిక్షణ ఇవ్వాలి. ఇందులో పెనుబల్లిలో చేయలేనిది ఏముంది? రాయడం రాని తల్లి ఉంటే డాక్టరు చీటీ మీద ఆమె వేలిముద్ర చాలు. సత్తుపల్లి ప్లేస్కూళ్లకు పిల్లల్ని పంపే తల్లిదండ్రుల్లాగా వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపినా నయమే, నోటి మాట కంటే.

దీనికి కొత్త యాప్ మాత్రం వద్దు. తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. 2021 పెంపుతో టీచరు గౌరవ వేతనం 13,650 రూపాయలకు, ఆయాది 7,800కు చేరింది. 2023 సెప్టెంబరులో వాళ్లు సమ్మెకు దిగారంటే ఊరికే దిగలేదు. సర్వేలు, ఫోన్లో పోషణ్ ట్రాకర్ నింపడం, ఎన్నికల పనులు అన్నీ వాళ్ల నెత్తినే ఉన్నాయి. ఇంకో బాధ్యతను ఊరికే తగిలిస్తే అది కాగితం మీదే ఉంటుంది.

ఉన్న ఏర్పాటునే వాడుకోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు అందులో ఉంటారు. గుండె జబ్బు, ఫిట్స్, ఆయాసం, చెవి చీము అన్నీ వాళ్లు చూడాల్సిన జాబితాలో ఉన్నవే. అనుమానం ఉన్న పిల్లను పైకి పంపడానికి ఆ ఏర్పాటులో దారి ఉంది. పైనుంచి అంగన్‌వాడీకి కబురు తిరిగి వచ్చే దారే సన్నం. ఆ బృందమే జబ్బున్న ప్రతి పిల్లకూ ఒక్క పేజీ తెలుగులో రాసి ఇవ్వాలి. పిల్లకు ఏముంది, ఏం పట్టాలి, ఏం పట్టకూడదు, ఏం తినకూడదు, ఏ లక్షణం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి. ఫార్మసిస్టు సిరంజితో కొలిచి చూపించాలి, టీచరుకే కాదు, ఆయాకు కూడా. ఆ పేజీని గోడకు అంటించకూడదు. ఊళ్లో ఫిట్స్ పిల్ల అని పేరు పడితే ఎలా ఉంటుందో, అదీ ఆడపిల్లయితే, అందరికీ తెలుసు.

ఉత్తర్వు మాత్రం రెండు శాఖల సంతకాలతో రావాలి. మహిళా శిశు సంక్షేమ శాఖ ఒక్కటే ఇస్తే డాక్టరు రాయడు, వైద్య ఆరోగ్య శాఖ ఒక్కటే ఇస్తే టీచరు తీసుకోదు. డాక్టరు రాసిన ప్రకారం పట్టిన టీచరు మీద చర్య ఉండదన్న వాక్యం అందులో స్పష్టంగా ఉండాలి, లేకపోతే సీసాలు మళ్లీ తిరిగి ఇంటికే పోతాయి. ఖర్చంటారా, అంగన్‌వాడీ మందుల కిట్టుకు కేంద్ర నిబంధనల ప్రకారం ఏడాదికి 1,500 రూపాయలు ఉన్నాయి. తాళం వేసే చిన్న పెట్టె, గీతలున్న రెండు మందు సిరంజిలు అందులో ఇమడని వస్తువులేమీ కావు. కిట్టు జాబితాలో వాటి పేర్లు చేర్చాలి, వచ్చే నులిపురుగుల దినంలోపు ఆ పని అయితే ఆ రోజు ఏ పిల్లకి మాత్ర ఆపాలో కూడా టీచరు చేతిలో రాసి ఉంటుంది.