ల్యాబ్ గుమ్మం దగ్గరే ఎందుకు ఆపాలి?

చూపు లేని విద్యార్థి గైడ్ డాగ్‌తో వస్తానంటే యూనివర్సిటీ ల్యాబ్ నుంచి ముందుగా వచ్చే మాట ‘భద్రత’. కాదనలేం. నేల మీద ఒలికిన యాసిడ్, పగిలిన గాజు మొదట తగిలేది దాని పాదాలకే. అయినా ఉపాయం లేకపోలేదు. అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో సాంప్సన్ అనే గోల్డెన్ రిట్రీవర్ రక్షణ కళ్లద్దాలు, బూట్లు తొడుక్కుని యజమానురాలితో పాటు ల్యాబ్‌లోకి వెళ్లింది. నడిచే దారికి అడ్డం రాని మూల బల్ల, దాని కింద ఒక చాప, క్లాసులు మొదలయ్యే ముందే ఒకసారి ట్రయల్ ఉంటే మామూలు ల్యాబ్‌లో చాలా సమస్యలు తీరతాయి. ప్రమాదకర సూక్ష్మజీవులుండే గదుల సంగతి వేరు. అక్కడ కుక్క బయటే ఉండాలి, లోపల తోడుగా మనిషిని ఇవ్వాలి.

మలేసియాలో ఇంకో చిక్కుంది. కుక్క లాలాజలం తగిలితే ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టి కలిపిన నీళ్లతో కడుక్కోవాలన్నది ఇక్కడి ముస్లింలు పాటించే నియమం. పక్క బల్ల విద్యార్థి ఇబ్బందిని తేలిగ్గా తీసుకోకూడదు. బల్లలు దూరంగా వేస్తే ఇద్దరి చదువూ సాగుతుంది.

2008 నాటి వికలాంగుల చట్టం చదువుకు తగిన సదుపాయాలు కల్పించాలని ప్రైవేటు సంస్థలకూ చెబుతోంది. గైడ్ డాగ్ మాట మాత్రం విప్పి చెప్పలేదు. కాబట్టి ప్రాక్టికల్ మార్కులు పోయాక వాదించే బదులు, ఫీజు కట్టకముందే మన తల్లిదండ్రులు ల్యాబ్ అనుమతిని రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.