‘పై కోర్టులో చూసుకుందాం’ అనే ముందు...

అప్పీలు మరో విచారణ కాదు.. కింది కోర్టు దస్త్రాలే దానికి ఆధారం

బాపట్ల: తీర్పు వెలువడిన రోజున న్యాయస్థానం ఆవరణలోని చెట్టు కింద రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఓడినవారు ‘పై కోర్టులో చూసుకుందాం’ అంటూ కండువా దులుపుకొని లేస్తారు. గెలిచినవారు ‘పై కోర్టులో ఏమవుతుందో’ అని లోలోపల గుబులు చెందుతారు. ఇద్దరి మనసులోనూ ఉన్న ఊహ ఒక్కటే. పై కోర్టులో వ్యాజ్యం మొదటి నుంచీ మళ్లీ నడుస్తుందని, సాక్షులు మళ్లీ బోను ఎక్కుతారని, ఇక్కడ చెప్పలేకపోయిన మాట అక్కడ చెప్పుకోవచ్చని వారి నమ్మకం. చట్టం దృష్టిలో అప్పీలు అది కాదు. కింది కోర్టు ఇచ్చిన తీర్పు, అక్కడ నమోదైన సాక్ష్యం, దాఖలైన పత్రాలు సరిపోలుతున్నాయా లేదా అని చూసే పరిశీలన మాత్రమే. ఈ తేడా తీర్పు వచ్చిన తరువాత తెలిసినందువల్ల ఉపయోగం స్వల్పం. వ్యాజ్యం మొదలైననాడే తెలియాలి.

రెండు గ్రామాలు.. రెండు ముగింపులు

అప్పీలు ఎంతటి మలుపు తిప్పగలదో ఈ జిల్లా ప్రజలకు వేరే చెప్పనవసరం లేదు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో కారంచేడు, చుండూరు రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితులు హతులయ్యారు. విచారణ న్యాయస్థానం విధించిన శిక్షలను 1998లో హైకోర్టు కొట్టివేసింది. పదేళ్ల తరువాత, 2008 డిసెంబరు 19న సుప్రీంకోర్టు ప్రధాన నిందితునికి యావజ్జీవ శిక్షను, మరో 29 మందికి మూడేళ్ల జైలు శిక్షను ఖరారు చేసింది.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు ఊచకోతకు గురయ్యారు. సాక్షులు దూరాభారం పడకుండా ఆ గ్రామంలోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటైంది. 2007 జులై 31న ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ కారాగారం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నింటినీ రద్దు చేసింది. మరణాలు సంభవించిన సమయాన్ని, ఘటన స్థలాన్ని, ఎవరు ఎవరిపై దాడి చేశారన్న విషయాన్ని ప్రాసిక్యూషన్ నిర్ద్వంద్వంగా రుజువు చేయలేదన్నది ఆ తీర్పు సారాంశం. దానిపై అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఘటన నుంచి ఈ తీర్పుల దాకా ఒక్కో ఊరికి దాదాపు 23 ఏళ్లు పట్టింది. ఒకచోట హైకోర్టు కొట్టివేసిన శిక్ష సుప్రీంకోర్టులో నిలిచింది. మరొకచోట ఊళ్లోనే కూర్చుని విచారించిన న్యాయస్థానం వేసిన శిక్ష హైకోర్టులో నిలవలేదు. ఏ అంచెలోనైనా న్యాయమూర్తుల ముందున్నది విచారణ కోర్టులో నమోదైన సాక్ష్యమే.

కళ్లెదుట సాక్షి.. కాగితంపై సాక్ష్యం

విచారణ న్యాయమూర్తికి సాక్షి ముఖం కనబడుతుంది. ప్రశ్న పడగానే తడబడ్డాడా, తొణకకుండా జవాబిచ్చాడా, ముద్దాయి వైపు చూసి మాట మార్చాడా అన్నది ఆయన గమనిస్తారు. అప్పీలు విచారించే న్యాయమూర్తులకు ఆ అవకాశం లేదు. వారి బల్ల మీదకు వచ్చేది టైపు చేసిన వాంగ్మూలం, గుర్తు సంఖ్యలు వేసిన పత్రాలు, తీర్పు ప్రతి. అందువల్లనే సాక్షి విశ్వసనీయతపై విచారణ న్యాయమూర్తి అభిప్రాయాన్ని పై కోర్టులు తేలికగా తోసిపుచ్చవు. అయితే ఆ అభిప్రాయానికి దస్త్రంలో ఆధారం కనిపించాలి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షి నోట జారిన ఒక్క వాక్యం ఆరేళ్ల తరువాత హైకోర్టులో వ్యాజ్యానికి ఇరుసు కావచ్చు. నాడు చెప్పని మాటను నేడు న్యాయవాది ఎంత ధాటిగా వినిపించినా దాని విలువ వాదన వరకే. అది సాక్ష్యం కాదు.

కొత్త సాక్ష్యానికి తలుపు పూర్తిగా మూసుకోలేదు గాని, అది సన్నని సందు. సివిలు అప్పీలులో కింది కోర్టు అన్యాయంగా నిరాకరించిన పత్రమైనా కావాలి, తగిన శ్రద్ధ వహించినా అప్పట్లో దొరకని పత్రమైనా కావాలి, తీర్పు చెప్పడానికి అవసరమని కోర్టే భావించాలి. ఇంటి పెట్టెలో ఉన్న దస్తావేజును మరచిపోయి, ఓడిన తరువాత పట్టుకొస్తే ఈ మూడింటిలో దేనికిందకూ రాదు. క్రిమినల్ అప్పీలులోనూ అదనపు సాక్ష్యం, పునర్విచారణ అరుదుగానే అనుమతిస్తారు.

శిక్ష పడితే ఒక కొలత.. విడుదలైతే మరొకటి

సెషన్స్ కోర్టు శిక్ష విధిస్తే ముద్దాయి హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ వాస్తవాలు, చట్టం రెండింటినీ తిరిగి తూచవలసిందే. శిక్షను రద్దు చేయడానికి, తగ్గించడానికి, నేరాన్ని చిన్న సెక్షన్ కిందకు మార్చడానికి హైకోర్టుకు అధికారం ఉంది. ముద్దాయి తాను వేసుకున్న అప్పీలులో శిక్ష పెరగదు. ప్రభుత్వం శిక్ష పెంచమని అప్పీలు చేస్తే పెరగవచ్చు. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష విధించినప్పుడు ముద్దాయి అప్పీలు చేసినా చేయకపోయినా హైకోర్టు ధ్రువీకరించిన తరువాతే అది అమలుకు అర్హమవుతుంది. జైలులో ఉన్నవాని తరఫున న్యాయవాది వాయిదాకు రాలేదన్న కారణంతో, దస్త్రం చూడకుండా అప్పీలు కొట్టివేయరాదని సుప్రీంకోర్టు 1996లో బనీసింగ్ కేసులో స్పష్టం చేసింది.

నిర్దోషిగా విడుదలైన వ్యక్తిపై అప్పీలు వస్తే కొలత మారుతుంది. నేరం రుజువయ్యే వరకు నిర్దోషి అన్న సూత్రం అతనికి మొదటి నుంచీ ఉంది. కోర్టు విడుదల చేయడంతో అది మరింత బలపడుతుంది. పై కోర్టుకు సాక్ష్యాన్ని తిరిగి తూచే పూర్తి అధికారం ఉన్నప్పటికీ, రెండు అభిప్రాయాలకు సమంజసంగా తావున్నచోట విడుదలను కదిలించరాదని 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2009 చివరి నుంచి బాధితులకూ అప్పీలు హక్కు లభించింది. ముద్దాయి విడుదలైనా, చిన్న నేరంతో సరిపెట్టినా, పరిహారం చాలకపోయినా వారు స్వయంగా అప్పీలు చేయవచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చిన తీర్పులపై హైకోర్టులో దాఖలైన అప్పీళ్లను సాధ్యమైనంత వరకు మూడు నెలల్లో పరిష్కరించాలన్న నిబంధన 2016 జనవరి నుంచి అమలులో ఉంది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారాయి గాని, అప్పీళ్ల చట్రం చాలావరకు పాతదే.

అప్పీలు లేకుంటే ఏమయ్యేదో తెలియజేసేది ఇబ్రహీంపట్నం విద్యార్థిని హత్య కేసు. 2007 డిసెంబరు 27న జరిగిన ఆ హత్యలో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు 2010 సెప్టెంబరులో ఒక యువకునికి శిక్ష విధించింది. 2017 మార్చి 31న హైకోర్టు అతనిని నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అప్పటికి అతడు ఎనిమిదేళ్లకు పైగా జైలు గోడల మధ్య గడిపాడు. తప్పు దిద్దుబాటయింది గాని, పోయిన యవ్వనం తిరిగి రాలేదు. ఆ విద్యార్థిని తల్లిదండ్రులకు దోషి ఎవరన్న ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చింది.

సివిలు దావాలో మెట్టు మెట్టుకూ ఇరుకు

గట్టు తగాదాపై జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఓడిన రైతును ఉదాహరణగా తీసుకుందాం. మొదటి అప్పీలులో పొలం కొలతలు, సాక్షుల మాటలు, స్వాధీనం అన్నీ తిరిగి పరిశీలనకు వస్తాయి. అక్కడా ఓడితే హైకోర్టులో రెండో అప్పీలు ఉంటుంది. అయితే 1976లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు చేసిన సవరణ తరువాత ఆ ద్వారం బాగా ఇరుకైంది. గణనీయమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే రెండో అప్పీలు నిలుస్తుంది. గట్టు ఎక్కడుందన్నది వాస్తవానికి సంబంధించిన ప్రశ్న. రెండు కోర్టులు సాక్ష్యం చూసి ఒకే నిర్ధారణకు వచ్చినప్పుడు హైకోర్టు సాధారణంగా అందులోకి దిగదు. రాతపూర్వక దస్తావేజుకు చట్టవిరుద్ధమైన అర్థం చెప్పారనో, సాక్ష్యమే లేకుండా నిర్ధారణ చేశారనో చూపగలిగితేనే ఆశ. రాజీ డిక్రీపైన, లోక్ అదాలత్ అవార్డుపైన అప్పీలే లేదు. ‘ముందు సంతకం పెట్టు, తరువాత చూద్దాం’ అన్న మాట విని వేలిముద్ర వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గడువులే గండాలు

సివిలు తీర్పుపై జిల్లా స్థాయి కోర్టుకు 30 రోజులలో, హైకోర్టుకు 90 రోజులలో అప్పీలు దాఖలు చేయాలి. క్రిమినల్ శిక్షపై జిల్లా స్థాయిలో 30 రోజులు, హైకోర్టుకు 60 రోజులు గడువు. ఉరిశిక్ష అయితే 30 రోజులే. తీర్పు నకలు పొందడానికి పట్టిన కాలాన్ని లెక్క నుంచి మినహాయిస్తారు. నకలుకు అర్జీ పెట్టకుండా ఇంట్లో కూర్చున్న కాలాన్ని మాత్రం మినహాయించరు. అందువల్ల తీర్పు వచ్చిన రోజునే నకలు అర్జీ పెట్టడం మేలు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు. మన్నించి తీరాలన్న నియమం లేదు.

అప్పీలు వేసినంతనే డిక్రీ ఆగిపోదు. స్టే ఉత్తర్వు లేకుంటే గెలిచినవారు ఈపీ వేసి స్వాధీనం చేసుకోవచ్చు. జైలు శిక్ష కూడా అంతే. శిక్షను నిలుపుదల చేసి బెయిలు ఇవ్వాలని వేరుగా కోరాలి. మూడేళ్లకు మించని శిక్ష పడి, అప్పటికే బెయిలుపై ఉన్నవారిని అప్పీలు చేసుకునే వ్యవధి కోసం శిక్ష వేసిన కోర్టే విడిచిపెట్టవచ్చు.

సివిలు అప్పీలుకు మరో గండం ఉంది. పిలుపు వేళకు అప్పీలుదారు తరఫున ఎవరూ లేకుంటే గైర్హాజరు కింద కొట్టివేయవచ్చు. దానిని తిరిగి తెరిపించేందుకు 30 రోజులే గడువు. అప్పీలు నడుస్తుండగా తండ్రి మరణిస్తే 90 రోజులలో వారసులను చేర్పించాలి. దినకర్మలు, పంపకాల మాటల్లో ఆ గడువు దాటిపోతే తాత నాటి దావా అక్కడికక్కడే ముగిసిపోయే ప్రమాదముంది.

ఖర్చు లేనివారికి మార్గం లేకపోలేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి న్యాయసేవాధికార సంస్థలు ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తాయి. జైలులో ఉన్నవారు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు.

2019 జనవరి 1 నుంచి రాష్ట్ర హైకోర్టు అమరావతిలోనే ఉంది. ఈ జిల్లావాసులకు హైదరాబాదు ప్రయాణం తప్పింది. దూరం తగ్గినా దస్త్రం మారదు. పోలీసు మొదటి రోజు రాసిన పంచనామా, సాక్షి బోనులో చెప్పిన మాట, రైతు దాఖలు చేసిన పాసుపుస్తకం ఏ స్థితిలో కింది కోర్టు దాటితే అదే స్థితిలో పై కోర్టుకు చేరతాయి. చుండూరు బాధిత కుటుంబాలకు 2014లో ఎదురైన ప్రశ్నలు సమయం, స్థలం, మనిషి గురించినవి. వాటికి జవాబులు సిద్ధం కావలసింది 1991లో, దర్యాప్తు మొదటి రోజుల్లో. పై కోర్టులో చూసుకుందామనే ముందు, పై కోర్టు చూడగలిగినదేదో కింది కోర్టు దస్త్రంలో ఉంచామా అని ప్రశ్నించుకోవలసిన బాధ్యత కక్షిదారులది, న్యాయవాదులది, దర్యాప్తు అధికారులది.