మనం మేపిన ఎలుకలు

బోనులో ఎలుక పడిన పొద్దున మన వీధుల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. రాత్రి బజ్జీ ముక్కో ఎండుచేపో కొక్కేనికి గుచ్చి పెడతాం. తెల్లవారుజామున టప్‌మని తలుపు పడుతుంది. లైటు వేసి చూస్తే ఎలుక తీగల్ని కొరుకుతూ అటూ ఇటూ తిరుగుతుంటుంది. చంపడానికి చేతులు రావు. పిల్లలు చూస్తారని ఒకరంటారు, పాపం తగులుతుందని ఇంకొకరంటారు. చివరికి బోనును గోనెసంచిలో పెట్టి, స్కూటరు ముందు నిలబెట్టుకుని, రెండు వీధుల అవతల ఖాళీ స్థలంలోనో కాలవ గట్టునో తలుపు ఎత్తేసి వస్తాం. ఆ స్థలం చుట్టూ కూడా ఇళ్లుంటాయి. అక్కడివాళ్లూ బోను కొంటారు. వాళ్ల ఎలుకను ఎక్కడ వదులుతున్నారో మనం అడగం, మనది ఎక్కడ వదిలామో చెప్పం.

ఎలుకల్ని వదిలించుకోవడమంటే మన పట్టణాల్లో ఇన్నేళ్లుగా ఇదే. ఇది ఒక్క బోనుకు సంబంధించిన సంగతి అయితే ఇంత బాధపడనక్కర్లేదు. ఎలుకల విషయంలో మనం చేసిన ప్రతి పనీ ఇదే దారిలో నడిచింది. మేపింది మనం, కరిపించుకున్నది మరొకరు. ఈ మాట నన్నూ, నా చుట్టూ ఉన్న మధ్యతరగతినీ కలుపుకునే అంటున్నాను.

ఎలుక ఎక్కడినుంచో రాదు. తిండి, కాస్త నీరు, దూరడానికో కన్నం దగ్గర్లో దొరికితే ఇంటి ఎలుక ఆ చుట్టుపక్కలే బతుకు వెళ్లదీస్తుంది. మూడు వారాలకో కాన్పు, కాన్పుకు ఆరేడు పిల్లలు, రెండు మూడు నెలలు తిరక్కుండానే ఆ పిల్లలే తల్లులు. బొటనవేలు దూరేంత సందుంటే చాలు, లోపలికి వచ్చేస్తుంది. ఒక ఇంట్లో నాలుగింటిని చంపితే ఆ చోటు ఖాళీగా ఉండదు, పక్క సందులోవి వచ్చి సర్దుకుంటాయి. కాబట్టి ఒక వీధిలో ఎన్ని ఎలుకలుండాలో తేల్చేది మందు కాదు, ఆ వీధి పారేసే తిండి.

ఆ తిండి మనం పెడుతున్నదే. చెత్తబండి పొద్దున ఏడింటికి వస్తుందని తెలిసీ, రాత్రి పదింటికే మిగిలిన అన్నం, చికెన్ ఎముకలు క్యారీబ్యాగులో ముడేసి గేటు బయట పెట్టేస్తాం. ఆ ముడి ఏడింటిదాకా ఆగదు. పుణ్యమని డాబా మీద పావురాలకు చల్లిన జొన్నలు చీకటి పడ్డాక ఎవరు తింటున్నారో చూడం. అపార్టుమెంటుల్లో వంటింటి వెనక పైపుల కోసం వదిలిన నిలువు సందు ఉంటుంది కదా, ఒక్కసారి టార్చిలైటు వేసి అందులోకి చూడండి. అయిదు అంతస్తుల వాళ్లు గిన్నెలు దులిపిన మెతుకులు, కరివేపాకు రెబ్బలు, ఉల్లిపొట్టు, కింద చేరిన నీళ్లు. పైపు గోడలోకి దిగిన చోట సిమెంటు పెట్టకుండా వదిలేసిన కన్నం, ఆ కన్నం అంచున జిడ్డుగా నల్లటి మరక. ఎలుక రోజూ ఒకే దారిన, గోడను రాసుకుంటూ పోతుంది. ఒంటి నూనె, మురికీ కలిసి ఆ మరక పడుతుంది. మరక ఎంత నల్లగా ఉంటే ఆ దారి అంత పాతదన్నమాట. ఇల్లు కట్టిన మేస్త్రీని తప్పుపట్టడం తేలికే. కానీ చారెడు సిమెంటు, జానెడు ఇనుప జల్లెడతో పోయే పనిని ఏళ్ల తరబడి వదిలేసింది మనం.

2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో, ఐసీయూలో ఉన్న పది రోజుల పసికందును ఎలుకలు కొరికాయి. బిడ్డ చనిపోయాడు. రాష్ట్రమంతా అట్టుడికింది. అధికారుల మీద చర్యలు తీసుకున్నారు, వార్డుల్లో బోన్లు పెట్టారు, ఎలుకలు పట్టేవాళ్లను పిలిపించారు. ఏడేళ్లు తిరక్కుండానే, 2022 మార్చి ఆఖరున, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో కదలలేని స్థితిలో ఉన్న రోగి కాళ్లూ చేతులూ ఎలుకలు కొరికాయి. ఆయన్ని హైదరాబాదు నిమ్స్‌కు తరలించారు, అక్కడే కన్నుమూశారు. మరణానికి కారణం అసలు జబ్బేనని వైద్యులు చెప్పారు. అయినా ఒళ్లు కదపలేని మనిషిని ఆసుపత్రి మంచం మీద ఎలుకలు కొరకడాన్ని ఏ వివరణా చిన్నది చేయలేదు.

ఆ రెండుసార్లూ బాధ్యత పాలకులదీ అధికారులదీ. అందులో రెండో మాట లేదు. అయితే ఆ ఆసుపత్రుల్లో మనవాళ్లూ పడుకున్నారు, మనమూ తోడు వెళ్లాం. మంచం కింద క్యారేజీ పెట్టుకుని, మిగిలిన అన్నం పొట్లం కట్టి కిటికీలోంచి విసిరేసిన చేతులు మనవి. తోడొచ్చినవాళ్లు కూర్చుని నాలుగు మెతుకులు తినడానికి చోటు లేకపోతే ఆ తిండి మంచం పక్కకు కాక ఎక్కడికి పోతుంది? ఆ చోటు కట్టించమని మనం ఏ ఎన్నికల్లో, ఏ నాయకుణ్ణి అడిగాం? ఓ వారం టీవీ ముందు కూర్చుని తిట్టాం. ఆ తర్వాత స్తోమత ఉన్నవాళ్లం ప్రైవేటు ఆసుపత్రులకు మళ్లిపోయాం. లేనివాళ్ల పసిబిడ్డల్ని ఆ వార్డుల్లోనే వదిలేశాం.

ఇక ఎలుకల మందు. దీని గురించి రాయడానికి నాకు చెయ్యి రావడంలేదు, అయినా రాయకతప్పదు. కిరాణా కొట్లో సబ్బుల పక్కన వేలాడే ట్యూబు అది. ఎవరికి, ఎందుకు అని అడిగేవాడుండడు. ఆ పేస్టుల్లో చాలావాటిలో ఉండేది పసుపు భాస్వరం. చూస్తే పళ్లు తోముకునే పేస్టులా ఉంటుంది. అలాగే అనుకుని నోట్లో పెట్టుకున్న పిల్లలున్నారు. మనం దాన్ని బిస్కెట్ మీదో టమాటా ముక్క మీదో రాసి గ్యాస్ బండ వెనక నేలమీద పెడతాం, పాకే బిడ్డ చెయ్యి అందే చోట. క్షణికమైన దుఃఖంలో ఉన్న మనిషికి ఆ ఇంట్లో అందుబాటులో ఉన్నదీ అదే. ఆ క్షణం గడిస్తే బతికి ఉండాల్సిన ఎందరో బతకలేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని మన పెద్దవాళ్లు ఎందుకన్నారో ఏ పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలోనైనా ఓ రాత్రి కూర్చుంటే అర్థమవుతుంది.

ఈ విషం నడిచే తీరు తెలియకపోవడం వల్ల కూడా ప్రాణాలు పోతున్నాయి. మొదట వాంతులు, కడుపునొప్పి. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి తేరుకున్నట్టే ఉంటాడు, లేచి తిరుగుతాడు, అన్నం అడుగుతాడు. గండం గడిచిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుని ఇంటికి తీసుకెళ్లిపోయేది సరిగ్గా అప్పుడే. లోపల కాలేయం పాడవుతూనే ఉంటుంది. కళ్లు పచ్చబడి మళ్లీ పరుగెత్తుకొచ్చేసరికి చేయి దాటిపోతుంది. దీనికి విరుగుడు మందు లేదు. నోట్లోకి కొంచెమే పోయినా, మనిషి ఎంత బాగా కనిపించినా, ఆ ట్యూబును వెంటబెట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. డాక్టర్లు ఉండమన్నన్ని రోజులూ ఉండాలి. ఈ నాలుగు ముక్కలు ప్రతి బడిలో, ప్రతి డ్వాక్రా సంఘంలో చెప్పి ఉండాల్సింది. చదువుకున్నవాళ్లం, తెలిసినవాళ్లం, చెప్పలేదు. పొరుగున తమిళనాడు ప్రభుత్వం ఈ పేస్టును నిషేధించింది. ఆ వార్త చదివి కూడా మన వీధి చివరి కొట్టులో ఆ ట్యూబు తీసేయమని అడిగినవాళ్లు మనలో ఎందరు?

ఎలుకల్ని అదుపుచేసే దారి మనకు తెలియక ఇదంతా జరిగిందా అంటే అదీ కాదు. డెల్టా రైతుకు ఎలుకను ఎలా ఎదుర్కోవాలో బాగా తెలుసు. పశ్చిమగోదావరి మారుటేరు పరిశోధనా స్థానం ఏళ్లుగా ఇదే పనిమీద ఉంది. అక్కడ మొదటి పాఠం ఒక్కటే: ఒక రైతు ఒంటరిగా మందు పెడితే ప్రయోజనం ఉండదు, ఆయకట్టంతా ఒకేసారి కదలాలి. ముందురోజు గట్ల మీద కన్నాలన్నీ మట్టితో మూసేస్తారు. మర్నాడు తెరుచుకున్న కన్నాలే ఎలుక ఉన్న కన్నాలు, వాటిలోనే మందు పొట్లం వేస్తారు. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమోడయోలోన్ 2 పాళ్లు. ఇదీ విషమే, జాగ్రత్తగానే వాడాలి. కాకపోతే దీనికి విటమిన్ కె1 అనే విరుగుడుంది, పసుపు భాస్వరానికి లేదు. పల్లెలో అందరూ కలిసి కన్నాలు లెక్కపెట్టుకునే ఈ పద్ధతిని, అదే పల్లెల నుంచి పట్నం వచ్చిన మనం మన వీధిదాకా తెచ్చుకోలేకపోయాం. పొలం గట్టు పక్కవాడితో ఉమ్మడి అని ఒప్పుకున్నవాళ్లం, మురుగుకాలవ ఉమ్మడిదని ఒప్పుకోలేదు.

డెల్టాలోనూ మన చేతులు శుభ్రంగా లేవు. వరి పొట్టమీద ఉన్నప్పుడు వెదురు బుట్టలు భుజానేసుకుని యానాదులు వస్తారు. సాయంత్రం బుట్టలు పెట్టి, పొద్దున్నే ఎలుకల్ని తీస్తారు. కొన్నిచోట్ల తోకల లెక్కన డబ్బిస్తారు. ఏ కన్నం పాతది, ఏది కొత్తది, గింజలు ఎక్కడ దాచింది, ఇదంతా వాళ్లు మట్టి చూసి చెప్పగలరు. ఎలుక మూత్రం కలిసిన బురదలో, పగిలిన పాదాలతో, చెప్పుల్లేకుండా దిగేది కూడా వాళ్లే. లెప్టోస్పైరోసిస్, మనం ఎలుక జ్వరం అంటామే, అది సోకేది ఇలాగే. ఒంటిమీద గాటు నుంచి లోపలికి పోతుంది, ముదిరితే మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వాళ్లకు బూట్లు కొనిచ్చిన ఆసామి ఊరికి ఒక్కడున్నా నాకు సంతోషమే. పట్నంలో మన మురుగుకాలవ పూడిక తీసే పారిశుద్ధ్య కార్మికుడిదీ ఇదే బతుకు. మనం కిటికీలోంచి దులిపిన మెతుకులు తిని బతికిన ఎలుక, ఆయన కాలి మీద పుండుకు జబ్బు అంటిస్తోంది.

ఎలుకల్ని తినే జీవాలనూ మనం బతకనివ్వలేదు. జెర్రిపోతుకు విషం లేదు, పెరట్లో తిరిగితే ఎలుకల్ని తింటుంది. కనిపించిన చోటల్లా కర్ర తీసుకుని కొట్టి చంపాం. గుడ్లగూబ పిల్లల కోసం రాత్రంతా ఎలుకల్ని వేటాడి తెస్తుంది. అపశకునమని గూడు పీకేశాం. మూతి సాగి ఉండే చుంచు అసలు ఎలుక జాతే కాదు, పురుగుల్ని తింటుంది. దాన్నీ ఎలుకల లెక్కలోనే వేశాం.

అయినా ఇది దిద్దుకోలేని తప్పేమీ కాదు. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు లక్షలమంది ఊరొదిలి పారిపోయారు. ఆ మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు పొద్దున్నే అధికారులందర్నీ ఆఫీసుల్లోంచి వీధుల్లోకి దించారు. చెత్త ఏ రోజుది ఆ రోజే ఎత్తించారు. రెండేళ్లలో ఆ ఊరు దేశంలోని శుభ్రమైన నగరాల వరసలో నిలబడింది. అంత పెద్ద ఊరికి సాధ్యమైంది నలభై ఇళ్ల వీధికి ఎందుకు సాధ్యం కాదు? ప్లేగు రావాలా?

అపార్టుమెంటు సంఘాల సమావేశాలకు నేను వెళ్తుంటాను. సీసీ కెమెరాలకు, గేటుకు కొత్త రంగుకు, వినాయక చవితి పందిరికి డబ్బు నిమిషాల్లో పోగవుతుంది. పైపుల సందుకు జల్లెడ, మూతలున్న చెత్త డబ్బాలు, కాలవ మీద విరిగిన పలకల మాట వచ్చేసరికి వచ్చే నెల చూద్దామంటారు. ఆ వచ్చే నెల ఏళ్లుగా రావడంలేదు. ఎందుకంటే మూడో అంతస్తులో ఎలుక కనిపిస్తే అది చిరాకు, అంతే. ఆ సందు వచ్చి ఆగేది కింద, లిఫ్టు పక్కన, వాచ్‌మన్ కుటుంబం ఉండే ఒంటిగదిలో. ఆ గదికి సరైన తలుపు లేదు. తలుపు కింద రెండంగుళాల సందు. చంటిబిడ్డతో ఆ తల్లి నేలమీద పడుకుంటుంది. మంచాల్లేని ఇంట్లో బియ్యం మూట ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీ చువ్వకు వేలాడదీసింది.

వచ్చే ఆదివారం సమావేశంలో మొదటి తీర్మానం ఆ గది తలుపు గురించే ఉండాలి. కింద రేకు కొట్టించాలి, కిటికీకి జాలీ వేయించాలి, పైపు కన్నాలు సిమెంటుతో పూడ్పించాలి, రాత్రిపూట గేటు బయట చెత్త పెట్టడం ఆపాలి, పక్క రెండు అపార్టుమెంట్లవాళ్లనూ పిలిచి ఒకే రోజున ఈ పని మొదలుపెట్టాలి. ఖర్చు చవితి పందిరిలో పదోవంతు కాదు. సంతకం పెట్టనివాళ్లెవరో వాళ్ల పేర్లు కూడా తీర్మానంలో రాయాలి.