"పవర్ గోలీ" అనేదే లేదు

పోచంపల్లిలో ఉండి చదువుకుంటున్న తండా పిల్లలం కొందరం కలిసి రాస్తున్న పోస్టు ఇది. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

తండాలో జ్వరమో దగ్గో వస్తే మనవాళ్లు ముందు ఆర్‌ఎంపీ దగ్గరికే పోతరు. రెండు రోజుల్లో తగ్గకపోతే "ఇంకా పవర్ ఉన్న గోలీ ఇయ్యి సారూ" అంటరు. కూలీ పోతే పూట గడవదు కాబట్టి ఆ తొందరను మేము తప్పుపట్టం. కానీ యాంటీబయాటిక్స్‌ను చిన్న పవర్, పెద్ద పవర్ అని వరుసలో పెట్టలేం. ఏ మందు ఏ క్రిమిని ఎక్కడ కొడుతుందన్నదే అసలు లెక్క.

ఇక్కడి మగ్గంతోనే చెప్తాం. చీరకు ముందు గ్రాఫ్ కాగితం మీద డిజైన్ గీస్తరు. దాని ప్రకారం నూలుకు చిటికి కట్టి రంగులద్దుతరు. తర్వాత మగ్గం మీద పడుగు, పేక కలిసి గుడ్డ అయితది. బ్యాక్టీరియాలో డీఎన్ఏ ఆ డిజైన్ లాంటిది, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ మగ్గం లాంటిది, చుట్టూ ఉండే గోడ నేసిన గుడ్డ లాంటిది.

పెన్సిలిన్, అమోక్సిసిలిన్, సెఫిక్సిమ్ గోడ మీద పనిచేస్తయి. పడుగు పేకల్లాంటి పోగులను కలవనియ్యవు. గోడ బలహీనపడి క్రిమి పగిలిపోతది. మన కణాలకు అట్లాంటి గోడ లేదు.

డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ మగ్గాన్ని, అంటే రైబోజోమ్‌ను ఆపుతయి. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనలకు పెద్ద భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ డిజైన్ దగ్గరే అడ్డం పడతయి. డీఎన్ఏ మెలికలను సరిచేసే ఎంజైమును పట్టేస్తయి. సల్ఫా మందులు క్రిమిని ఫోలిక్ ఆమ్లం తయారుచేసుకోనియ్యవు. మనకు అది తిండిలో దొరుకుతది, క్రిమి సొంతంగా చేసుకోవాలి.

జలుబు తెచ్చే వైరస్‌కు ఆ గోడా లేదు, సొంత మగ్గమూ లేదు. దానికి యాంటీబయాటిక్ ఏసుకుంటే తగలడానికి చోటే ఉండదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, అసలు ప్రమాదం టీబీ దగ్గర ఉంది. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు తెమడ పరీక్ష చేయించాలి. అది చేయకుండా పవర్ గోలీ అని లెవోఫ్లాక్సాసిన్ ఇస్తే టీబీ క్రిమి కొంత అణుగుతది, కానీ పూర్తిగా చావదు. దగ్గు తగ్గినట్టే ఉంటది, పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు, జబ్బు బయటపడటం ఆలస్యమైతది. ఆలోపు ఇంట్లో పిల్లలకు అంటుకోవచ్చు. మిగిలిన క్రిములు ఆ మందుకు మొండికేయవచ్చు. మామూలు టీబీ మందులకు లొంగని టీబీకి వాడే ముఖ్యమైన మందుల్లో అదొకటి. దగ్గుకు దాన్ని ఖర్చుచేస్తే రేపు చేతిలో ఏముంటది?

టీబీకి మొదటి రెండు నెలలు 4 మందులు, తర్వాత 4 నెలలు 3 మందులు కలిపి ఇచ్చేది అందుకే. ఒక దెబ్బ తప్పించుకున్న క్రిమి ఇంకో దెబ్బకు పోతది. సర్కారు దవాఖానలో పరీక్ష, మందులు ఉచితం. తిండికి నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తరు.

"దవాఖాన దూరం, ఆర్‌ఎంపీ అర్ధరాత్రి పిలిచినా వస్తడు" అని కొందరు అంటరు. నిజమే. అందుకే మనవాళ్లకు బుద్ధులు చెప్పి ఊరుకుంటే సరిపోదు. తెమడ నమూనా తండాలోనే తీసుకుని, ఫలితం తండాకే తెచ్చి చెప్పాలని మనం గట్టిగా అడగాలి. కూలీ పోగొట్టుకోకుండా పరీక్ష అయితే ఎవరు వద్దంటరు?

మనం డాక్టర్లం కాదు, మందు మార్చమనీ ఆపమనీ చెప్పొద్దు. కానీ సెలవులకు ఇంటికి పోయినప్పుడు గోలీల అట్ట మీద పేరు చదవొచ్చు. దాని మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని యాడికి, బాపుకు చెప్పొచ్చు. ఎవరికైనా రెండు వారాలుగా దగ్గు ఉంటే వెంటబెట్టుకుని పరీక్షకు తీసుకుపోవచ్చు. ఇంట్లో సైన్సు చదివింది మనమే అయితే, ఆ పని కూడా మనదే.