తెర మీది గురువు

సంగీతము కెమెరా యెదుట నేర్చుకొనునది కాదనియు, గురుముఖమున నేర్చినదే విద్య యనియు మన సంఘములలోని పెద్దలు తరచుగా సెలవిచ్చుచున్నారు. ఈ మాట వినినప్పుడెల్ల మాకొక సందేహము కలుగును. ఆ గురుముఖము మన వీధులలో నెక్కడ నున్నది? హోసూరులో, బరంపురములో, షోలాపురములో, యానాములో తెలుగు కృతిని తెలుగు మాటగా పలికించి నేర్పు గురువు ఎన్ని యిండ్లకు నడక దూరమున దొరకుచున్నాడు? దొరకినవారు నిశ్చింతగా ఆ పాదములకడనే చేరవలయును. వారితో మాకు వివాదము లేదు. దొరకనివారి మాటయే మేము చెప్పబోవుచున్నది.

తెలుగునాటికి వెలుపల నున్నామను మాట సాకుగా చెల్లదు. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించి, తిరువయ్యారున జీవించి, 1847లో సిద్ధి పొందినారు. కావేరి యొడ్డుననే ఉండి తెలుగున పాడినారు. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురమున తెలుగు లిపిలోనే అచ్చయినది. అట్టి సంపద నేడు మన యింటి బిడ్డల చేతికి ఎట్లు వచ్చుచున్నది?

తమిళనాట నైనచో తమిళ లిపిలోని పుస్తకము నుండి. ఆ లిపిలో క, గ లకు వేర్వేరు అక్షరములు లేవు. అందుచేతనే సంగీత పుస్తకములవారు అక్షరము ప్రక్కన అంకెలు వేసి భేదము చూపుదురు. ఆ అంకెను గమనింపని పిల్లకు 'గానము', 'కానము' రెండును ఒకటే. ఒకటి పాట, మరియొకటి 'మేము చూడము' అని అర్థము! ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొన్నవారి గతి యింకను విచిత్రము: కల, కళ, కాల, కాళ నాలుగును ఒకే వ్రాతలో ఇమిడిపోవును. ఒడిశాలో పెరిగిన పిల్లల నోట అకారము ఒకారము వైపు జారుట ఎరుగనివారు లేరు. ఇది పిల్లల తప్పు కాదు. రాగము చెడినచో పది మంది చివుక్కుమందురు. మాట చెడినచో ఎవరికిని చీమ కుట్టినట్లైన ఉండదు. తెలుగు వచ్చిన గురువు వారమునకు రెండు దినములు తెర మీదికి వచ్చి, "అమ్మా, అది గకారము, మరల పాడు" అని దిద్దినచో, అది పాఠము కాదనుటకు మాకు నోరు రాదు.

ఆకాశవాణి సంగీత శిక్షణ ప్రసారముల కాలమున మన తల్లులు రేడియో ముందు నోటు పుస్తకములతో కూర్చుండి కృతులు నేర్చినారు. క్యాసెట్టును వెనుకకు త్రిప్పి త్రిప్పి వర్ణము పట్టినవారు నేడు వేదిక లెక్కి గురుకులవాసమును గూర్చి ఉపన్యసించుచున్నారు. ఆ క్యాసెట్టు ఏ గురుకులమున చదివినదో మాకు తెలియదు. రేడియో పాడినది గాని శిష్యుని పాట వినలేదు. తెర మీది గురువు వినును. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి తలుపులన్నియు మూతపడినప్పుడు ఎన్నో యిండ్లలో పాఠము ఆగక సాగినది దీనివలననే.

అయినను ఇది ముఖాముఖి పాఠమునకు సమానమని చెప్పి అమ్ముకొనువారి మాటయు మేము ఒప్పము. ఈ యంత్రమునకు తాళము రాదు. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. తెర పాఠమున గురువు గొంతు శిష్యుని చేరుటకు సెకనులో ఐదవ వంతు పట్టినదనుకొందము. అది గురువు 68 మీటర్ల దూరమున, వీధి చివర కూర్చుండి పాడినట్లే. సెకనుకొక అక్షరము చొప్పున ఆదితాళము వేసి, అక్షరమునకు నాలుగు స్వరములు పాడునప్పుడు ఒక్కొక్క స్వరము పావు సెకను. ఆలస్యము ఇంచుమించు ఒక స్వరమంత. శిష్యుని పాట తిరిగి గురువు చెవికి చేరుటకు మరల అంత ఆలస్యము. ఇట్లుండగా ఇద్దరును కలసి పాడుట కుదరదు. కలసి పాడుటయో, మన విద్యలో సగము. అదియు గాక, సమావేశముల కొరకు చేసిన ఈ సాఫ్ట్‌వేర్లు ఎడతెగక మ్రోగు తంబురను పంకా చప్పుడుగా నెంచి నొక్కివేయుచుండును.

తెలిసిన గురువులు దారి కనిపెట్టినారు. తంబుర శిష్యుని గదిలోనే మ్రోగును. చప్పుడు నణచు అమరికను తీసివేయుదురు. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' అను మీట అందులకే యున్నది. గురువు ఒక పాదము పాడి ఆగును. శిష్యుడు తానే తాళము వేసికొని తిరిగి పాడును. కెమెరాను ముఖము మీదనే నిలుపక తాళము వేయు చేతి మీదికి, వీణ మీది వ్రేళ్ల మీదికి త్రిప్పుదురు. ఇట్లు జరుగవలెనన్న ఒక్కొక్కరికి విడిగా పాఠము కావలయును. మా బంధువుల యింట ఒక బాలిక చేరిన తరగతిలో ముప్పది మంది పిల్లలు. అందరి మైకులును మూసి గురువుగారు తమ పాట తాము పాడుకొని పోయిరి. ఎనిమిది మాసములలో ఆ పిల్ల గొంతు వారి చెవిని పడినది రెండు సారులు. రుసుము మాత్రము ఒక్క మాసమును తప్పలేదు. పెద్దలు నిందింపదలచినచో ఇట్టి వ్యాపారమును నిందింతురు గాక. కెమెరా ఏమి చేసినది?

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ ముందు ఫోను నిలిపి మీరు వంటయింటికి పోయినచో అది కాలక్షేపమే. ప్రక్కన కూర్చుండి కృతిని తెలుగు అక్షరములలో వ్రాయింపుడు. మీకే అక్షరములు రాకున్న బిడ్డతో పాటు దిద్దుడు; సిగ్గుపడ నక్కరలేదు.

ఇక మన సంఘములు. వార్షికోత్సవమున శాలువలకు, పూలదండలకు వెచ్చించు సొమ్ములో కొంత తీసి, సంఘ భవనమున ఒక నిశ్శబ్దమైన గది, తీగ ద్వారా వచ్చు స్థిరమైన ఇంటర్నెట్టు, ఒక మంచి మైకు, ఒక తంబుర ఏర్పరచినచో, ఇంట వసతి లేని బిడ్డయు వచ్చి పాఠము చెప్పించుకొనును. ఏడాదికొక సారి ఆ గురువును రప్పించి పది దినములు మన నడుమ ఉంచుకొన్నచో, ఆ పది దినములును గురుశిష్యులు ఒక్క చాప మీద కూర్చుండి కలసి తాళము వేయుదురు. రాబోవు ఉత్సవపు జమాఖర్చులలో శాలువల పద్దు క్రింద ఈ గది పద్దును వ్రాసి చూపవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాము.