ఇంటి కాగితం ఇంట్లోనే ప్రింటవ్వాలి

సూళ్లూరుపేటలో కాగితంతో పని ఇంకా తీరలేదు. ఒకపక్క శ్రీహరికోట షార్ అంతరిక్ష కేంద్రం, ఇంకోపక్క తడ దగ్గర శ్రీసిటీ పరిశ్రమలు, పొద్దున్నే చెన్నైకి బయల్దేరే సబర్బన్ రైళ్లు. ఉద్యోగం ఎటువైపు వెతుక్కున్నా బయోడేటా, మార్కుల జాబితా, ఆధార్ నకలు చేతిలో ఉండాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. ఇంటర్ హాల్‌టికెట్ కూడా ఇప్పుడు ఫోన్‌కే వస్తోంది. అయినా దాన్ని కాగితం మీదికి తేవాలంటే బజారుకెళ్లి జిరాక్స్ షాపు నంబరుకు పంపాల్సిందే. ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్లలో కూడా చాలామంది ఇదే చేస్తున్నారు, ఫోన్ నుంచి దానికి ప్రింట్ ఇవ్వడం తెలియక. ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వాడుకునేలా వైఫై ప్రింటర్‌ను ఇంట్లో అమర్చుకోవడం సౌకర్యం కోసం చేసే పని మాత్రమే కాదు, కుటుంబం తన వివరాలను తన దగ్గరే ఉంచుకోవడానికి ఈరోజు అందుబాటులో ఉన్న సులువైన మార్గం కూడా.

షాపుకు పంపిన ఫైలు ఏమవుతుందో చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను షాపు కంప్యూటర్‌లో తెరవాలంటే ముందు డౌన్‌లోడ్ చేయాలి. మనం తర్వాత మన చాట్‌లో ఆ సందేశాన్ని తీసేసినా, అక్కడి ఫోల్డర్‌లో దిగిన ఫైలు దిగినట్టే ఉంటుంది. ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంది కదా అనుకుంటాం. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్. కౌంటర్ దగ్గర దాన్ని నలుగురిలో పైకి చెప్పక తప్పదు. ఇంటర్నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవద్దని, తప్పనిసరైతే ఆ కాపీలు తుడిచేయాలని, నకలు ఇవ్వాల్సిన చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలని 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందని రెండు రోజుల్లోనే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ప్రకటన పోయింది కానీ అందులో చెప్పిన ప్రమాదం పోలేదు. ఇందులో షాపు యజమానుల తప్పేమీ లేదు. రద్దీలో పనిచేసేవాళ్లు వచ్చిన ప్రతి ఫైలునూ వెతికి తుడవలేరు.

మరి ప్రింటర్ కొన్న ఇళ్లలో అది ఎందుకు మూలనపడి ఉంటోంది? చెడిపోయి కాదు. కారణాలు చాలా చిన్నవి. తక్కువ ధర ప్రింటర్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటాయి. రూటర్ అమర్చేవాళ్లు 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెరిచి పెడితే ప్రింటర్‌కు ఇంట్లో వైఫై ఉన్నట్టే తెలియదు. ఫోన్ మొబైల్ డేటా మీద ఉన్నా, అతిథుల కోసం పెట్టిన వైఫైలో ఉన్నా, రెండు అడుగుల దూరంలోని ప్రింటర్ కూడా కనిపించదు. ఎందుకంటే ప్రింటర్ తన ఉనికిని తాను చేరిన నెట్‌వర్క్‌లోనే ప్రకటించుకుంటుంది. అందరినీ ఎక్కువగా విసిగించేది ‘ఆఫ్‌లైన్’ అనే మాట. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి రూటర్ ప్రింటర్‌కు కొత్త అడ్రస్ ఇస్తుంది, కంప్యూటర్ మాత్రం పాత అడ్రస్‌లోనే వెతుకుతూ ఉంటుంది. రూటర్ సెట్టింగుల్లో ప్రింటర్‌కు ఒకే అడ్రస్‌ను శాశ్వతంగా కేటాయిస్తే ఈ బాధ చాలావరకు తీరిపోతుంది. తెలిసినవాళ్లకు పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు వెచ్చించేవాళ్లు లేక వేల రూపాయల యంత్రం దుమ్ము పట్టిపోతోంది.

దీనికి తోడు కంపెనీల యాప్‌ల గొడవ ఒకటి. పెట్టెలోని కాగితం యాప్ దింపుకోమంటుంది, యాప్ ఖాతా తెరవమంటుంది, ఖాతా ఫోన్ నంబరు, ఈమెయిలు అడుగుతుంది. నిజానికి మామూలు ప్రింటింగ్‌కు ఇవేవీ అక్కర్లేదు. యాపిల్ 2010లోనే ఏ యాప్ లేకుండా ప్రింట్ ఇచ్చే ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. 2013లో కెనన్, హెచ్‌పీ, శాంసంగ్, జిరాక్స్ కలిసి ఇలాంటి ఉమ్మడి పద్ధతి కోసం మోప్రియా కూటమిని పెట్టుకున్నాయి. ఆండ్రాయిడ్ 8 నుంచి ఆ పద్ధతి ఫోన్‌లోనే అంతర్భాగంగా వస్తోంది. ఇక నుంచి విండోస్‌లో కంపెనీల సొంత డ్రైవర్లను క్రమంగా తగ్గించుకుంటూ పోతామని మైక్రోసాఫ్ట్ 2023లో చెప్పింది. ప్రింటర్‌ను ఒక్కసారి వైఫైకి కలిపితే చాలు, ఫోన్‌లో ఫైలు తెరిచి ప్రింట్ నొక్కగానే కాగితం వస్తుంది, ఫైలు ఇల్లు దాటదు. ఫైలును ఇంటర్నెట్ గుండా తిప్పి ప్రింట్ చేసే గూగుల్ క్లౌడ్ ప్రింట్ సేవ 2020 చివర్లో మూతపడింది. దాని మీదే ఆధారపడిన ప్రింటర్లు ఆ రోజుతో ఫోన్‌కు దూరమయ్యాయి. ఎక్కడో ఉన్న సర్వర్‌ను నమ్ముకుని ఇంట్లోని యంత్రాన్ని నడపడం ఎందుకు తెలివైన పని కాదో అది చూపించింది.

పేజీకి కొన్ని రూపాయలతో అయ్యే పనికి ఇంత ఖర్చా అని అడిగేవాళ్ల మాటలో న్యాయముంది. ఏడాదికి పది కాగితాలు తీసుకునే ఇంటికి ప్రింటర్ అనవసరం. వాడకపోతే ఇంక్ ఎండిపోతుంది, చిన్న కార్ట్రిడ్జ్ ప్రింటర్లలో పేజీ ఖర్చు షాపును మించిపోతుంది. కానీ చదువుకునే పిల్లలున్న ఇంట్లో లెక్క వేరు. అక్కడ రంగు కావాలంటే ఇంక్ ట్యాంకు ప్రింటర్ నయం. నలుపు చాలనుకుంటే లేజర్ మేలు, దాని పొడి ఎండిపోదు. అయితే లేజర్ ప్రింటర్‌ను ఇంటి ఇన్వర్టర్‌కు కలపకూడదు, వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్లకు వైఫై డైరెక్ట్ ఉంది. ప్రింటరే సొంతంగా సిగ్నల్ ఇస్తుంది, ఫోన్‌ను నేరుగా దానికే కలపవచ్చు.

భద్రత గురించి భయపడేవాళ్లదీ కొట్టిపారేయదగ్గ సందేహం కాదు. 2018 నవంబరులో ఒక హ్యాకర్ ప్రపంచమంతటా వేల ప్రింటర్ల నుంచి ఒక యూట్యూబర్ ప్రచార కాగితాలు బయటికి రప్పించాడు. అవి ఇంటర్నెట్‌కు బార్లా తెరిచి పెట్టిన ప్రింటర్లు. ఇంటి రూటర్ వెనక ఉన్నదానికి, మనమే దారి తెరిస్తే తప్ప, ఆ ప్రమాదం తక్కువ. వైఫై డైరెక్ట్‌కు కంపెనీ పెట్టి ఇచ్చిన 12345678 లాంటి పాస్‌వర్డ్‌ను మాత్రం మొదటిరోజే మార్చేయాలి. ఇక జిరాక్స్ షాపులకు లామినేషన్, బైండింగ్, దరఖాస్తులు నింపిపెట్టడం లాంటి పనులు ఎలాగూ ఉంటాయి. ఆధార్ కాగితాలే వాటికి బతుకుతెరువు కాకూడదు.

కాబట్టి ప్రింటర్ కొనడానికి వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. డబ్బు కట్టే ముందు, ఏ యాప్ వేయకుండా మీ ఫోన్ నుంచే ఆ ప్రింటర్‌లో ఒక పేజీ తీసి చూపించమని అడగండి. అమ్మేవాళ్లు కూడా యంత్రాన్ని ఇంటి గుమ్మం దగ్గర దించేసి వెళ్లిపోకుండా, ఇంట్లోని ప్రతి ఫోన్ నుంచి ఒక్కో పేజీ వచ్చాకే బిల్లు ఇవ్వాలి.